యాభై రూపాయల ఇల్లు, పన్ను లేని గుడి

375 చదరపు అడుగులంటే పెద్ద ఇల్లేం కాదు. ముందు చిన్న వసారా, దాని వెనక ఒక గది, గదిని ఆనుకుని వంటిల్లు, పెరట్లో బాత్‌రూమ్. అంతే. పుంగనూరులోనో కుప్పంలోనో ఇలాంటి ఇంట్లో సొంతదారే కాపురం ఉంటే దానికి ఏడాదికి ఇంటిపన్ను 50 రూపాయలు. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అమలైన కొత్త పద్ధతి పెట్టిన లెక్క ఇది. నలుగురు కలిసి హోటల్లో టీ తాగితే అయిపోయే డబ్బు. డిమాండ్ నోటీసు అచ్చువేసి, వార్డు సచివాలయం మనిషిని గడపదాకా పంపి, రసీదు రాసి ఇచ్చేసరికి మునిసిపాలిటీకి మిగిలేదెంతో ఎవరైనా ఊహించుకోవచ్చు.

అలాంటప్పుడు ఆ యాభై కూడా ఎందుకు? అదే వీధి చివర ఉన్న గంగమ్మ గుడికి పైసా పన్ను లేదు. మిలిటరీలో పనిచేసి వచ్చినాయన తాను ఉంటున్న మిద్దెకు దరఖాస్తు పెట్టుకుని మినహాయింపు తెచ్చుకోవచ్చు. ఊరవతల శ్మశానానికీ పన్ను లేదు. దేవుడికి, సిపాయికి, చచ్చినవాడికి సున్నా. ఒంటిగది ఇంట్లో ఉన్నవాడికి యాభై. మొదటిసారి విన్నవాడికి ఇది తిక్క లెక్కగానే తోస్తుంది. అయితే దీని వెనక రెండువేల ఏళ్ల వాదన ఒకటి నడుస్తోంది. ఊరి ఖర్చులో వంతు ఇవ్వకుండా ఊళ్లో ఉండే హక్కు ఎవరికి ఉంటుంది, ఏ కారణంగా ఉంటుంది అన్నది ఆ వాదన. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల నేలకు ఈ వాదనతో మామూలుకంటే ఎక్కువ సంబంధమే ఉంది.

ముందు పన్ను సంగతి. 1965 నాటి మునిసిపాలిటీల చట్టం కింద ఇన్నేళ్లూ ఇంటిపన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఈ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో లెక్కగట్టి, దానిమీద పన్ను వేసేవారు. తాత కట్టిన ఇంట్లో ఉంటున్న మనవడు ఎవరికీ అద్దె ఇవ్వడు, ఎవరి దగ్గరా తీసుకోడు. అయినా తనకు తానే అద్దె కట్టుకుంటున్నట్టు లెక్క. 2020 నవంబరులో ప్రభుత్వం చట్టం మార్చి మూలధన విలువను ఆధారం చేసింది. అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో ఆ స్థలానికి, ఆ కట్టడానికి ఉన్న ధర. నివాసానికి ఆ ధరలో 0.10 నుంచి 0.50 శాతం, దుకాణాలు, ఆఫీసుల వంటి వాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య ఎంత వేయాలో మునిసిపాలిటీ తేల్చుకోవాలి. ఒక్కసారిగా నడ్డి విరగకుండా, పాత పన్నుమీద ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని అడ్డుకట్ట వేశారు. పాత పద్ధతిలో ఎన్నడూ రాని అద్దెమీద పన్ను, కొత్త పద్ధతిలో ఎన్నడూ అమ్మని ఇంటి ధరమీద పన్ను. రెండూ ఊహాలెక్కలే. చేతికి మాత్రం నిజమైన నోటీసే వస్తుంది.

ఆ నోటీసులో చాలామంది చదవని ఒక వరస ఉంటుంది. పన్ను ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఈ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లాలి. పుస్తకం తెరవనివాడూ ఊళ్లో ఎవరో తెరుస్తారని కట్టాల్సిందే. గడువులూ గట్టివే. మొదటి అర్ధ సంవత్సరానికి జూన్ ఆఖరు, రెండోదానికి డిసెంబరు ఆఖరు. దాటితే నెలకు 2 శాతం వడ్డీ. ఏప్రిల్ 30 లోపల ఏడాది మొత్తం ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గింపు. తీరా కొన్ని మార్చి నెలల్లో ప్రభుత్వమే బకాయిలమీద వడ్డీ మాఫీ ప్రకటిస్తుంది. అది విని, ఏప్రిల్‌లోనే క్యూలో నిలబడి కట్టినాయన తన బుద్ధిని తానే తిట్టుకోవాలి. తెలిసి మొండికేసినవాడికీ చేతకాక ఆగినవాడికీ తేడా చూడని ఇలాంటి మాఫీ కూడా మినహాయింపే. పైగా అన్నిటికంటే అన్యాయమైన రకం.

ఇక చట్టం మాఫీ చేసినవాళ్ల జాబితా చూడాలి. బహిరంగ పూజాస్థలాలు, అద్దె తీసుకోని సత్రాలు, షరతులమీద గుర్తింపు పొందిన విద్యాసంస్థలు, ధర్మాసుపత్రులు, రక్షిత కట్టడాలు, శ్మశానాలు. ఇది భక్తులు రాసిన జాబితాలా కనిపిస్తుంది కానీ కాదు. పూజాస్థలం గురించి చట్టం అడిగేది ఒక్కటే: జనమంతా పూజించడానికి దీన్ని కేటాయించారా, ఇంకో పనికి వాడకుండా ఉన్నారా? దేవుడు ఉన్నాడా లేడా, మహిమ ఉందా లేదా, ఏ మతం, ఏ కులం అన్న ప్రశ్నలు అందులో లేవు. గర్భగుడికి పన్ను లేదు. అదే ప్రహరీకి ఆనించి వరసగా షట్టర్లు కట్టి అద్దెకిస్తే అవి దుకాణాలే. ఇంట్లో పూజగది ఎంత నిష్ఠగా ఉంచుకున్నా అది ఇంటిలో భాగమే, దాని చదరపుటడుగులకూ పన్ను పడుతుంది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర పాత జమీందారీ కోటతో ముడిపడి ఉంది. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఒకరి ఇల్లయిన చోటికి జాతర రోజుల్లో ఊరు ఊరంతా కదలివస్తుంది. ఇల్లు ఎక్కడ ముగిసి గుడి ఎక్కడ మొదలవుతుందో తేల్చమంటే వేదాంతులూ తడుముకుంటారు. మునిసిపల్ చట్టం మాత్రం వాడకం చూసి గీత గీస్తానంటుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. మన న్యాయశాస్త్రంలో దేవుడు కేవలం విగ్రహం కాదు, ఆస్తి ఉన్న వ్యక్తి. పొలం రాయించుకుంటాడు, కోర్టుకెక్కుతాడు, కౌలు వసూలు చేస్తాడు. 1969లో యోగేంద్రనాథ్ నస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, దేవతామూర్తి ఆదాయపు పన్ను చట్టం కింద ‘వ్యక్తి’ కాబట్టి పన్ను వేయవచ్చని చెప్పింది. దేవుణ్ణి పన్నుకట్టే పౌరుణ్ణి చేసిన తీర్పు అది. ఆ లెక్కన గుడి అంటే సొంతదారే కాపురమున్న ఇల్లు. దాన్ని వదిలేసి, పక్కింటి సొంతదారుకు నోటీసిచ్చేటప్పుడు చట్టం దేవుడి గొప్పతనాన్ని సాక్ష్యంగా పిలవలేదు. ఆ ఇంటి తలుపు అందరికీ తెరిచి ఉంటుందన్నదే దాని వాదన. గుళ్లోకి అందరినీ రానివ్వని రోజుల్లో ఆ వాదన నిలిచేది కాదన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

పూర్వులు ఈ విషయంలో మనకంటే సూటిగా ఉన్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో కొత్త జనపదం నిలబెట్టడం గురించి చెబుతూ ఋత్విక్కులకు, ఆచార్యులకు, పురోహితులకు, శ్రోత్రియులకు పన్నులు, దండుగలు లేని బ్రహ్మదేయ భూములు ఇవ్వమంటాడు. అక్కడే వైద్యులకు, గుర్రాలకు శిక్షణ ఇచ్చేవారికి, వార్తాహరులకు, లెక్కలు రాసేవారికి కూడా భూములు ఇవ్వమన్నాడు, అమ్ముకోవడానికీ తాకట్టు పెట్టడానికీ వీల్లేదన్న షరతు పెట్టి. మరోచోట, కొత్తగా చెరువో కట్టో వేసినవాడికి ఐదేళ్లు, పాడుపడినదాన్ని బాగుచేసినవాడికి నాలుగేళ్లు పన్ను వదిలేయమన్నాడు. మొదటి రకం మినహాయింపు మనిషిని చూసి ఇచ్చింది, చివరిది పనిని చూసి ఇచ్చింది. రెండింటికీ మధ్య పోటీ అప్పటి నుంచే ఉంది.

మనిషిని చూసి ఇచ్చినవి మన శాసనాల్లో కోకొల్లలు. అగ్రహారాలు, సర్వమాన్యాలు, దేవాదాయ, బ్రహ్మాదాయ మాన్యాలు. ‘ఆచంద్రార్కం’ సాగాలని రాసి, చివర శాపం తగిలించేవారు: ఈ దానాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. పోలీసు లేని చోట పురుగు జన్మే ఆ దస్తావేజుకు కాపలా. ఇప్పటి చట్టం అరవై వేల ఏళ్ల జోలికి పోకుండా నెలకు 2 శాతంతో సరిపెట్టుకుంది. వసూళ్ల మాటకొస్తే ఏది ఎక్కువ పనిచేసిందో చెప్పడం కష్టం.

పనిని చూసి ఇచ్చిన మాన్యాలకు మాత్రం ఈ ప్రాంతమే ఇల్లు. వాటి పేరు దశబంధం. కడప, ఉత్తర ఆర్కాటు సీమల్లో పెద్ద నది నీళ్లు అందని ఊళ్లు చెరువులమీదే బతికాయి. సొంత డబ్బుతో చెరువు తవ్వించినవాడికో, బావి తవ్వించినవాడికో, తెగిన కట్ట పోయించినవాడికో ఆ నీటికింద పారే భూమిలో కొంత మాన్యంగా ఇచ్చేవారు. ఒక్కోచోట శిస్తులో వాటా వదిలేసేవారు. విజయనగర కాలపు శాసనాల్లోనే ఈ ఏర్పాటు కనబడుతుంది. దీని అందమంతా షరతులో ఉంది. చెరువు కట్ట ఏటేటా చూసుకోవాలి, పూడిక తీయాలి, తూము బాగుచేయాలి. చేసినంతకాలం మాన్యం. వదిలేస్తే సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. తాత తవ్వించాడని మనవడు కూర్చుని తినడానికి లేదు, మనవడూ కట్టమీదికి పార పట్టుకు రావాలి. సప్తసంతానాల్లో కొడుకుతోపాటు తటాకాన్నీ దేవాలయాన్నీ లెక్కించిన సంప్రదాయానికి ఇది రెవెన్యూ రూపం. పుణ్యం పరలోకంలో జమ అవుతుందన్నారు సరే, ఈ లోకంలో శిస్తులో కూడా తగ్గించారు.

ఇంగ్లీషు దొరలకు మొదట ఈ చిట్టాలు కొరుకుడు పడలేదు. ఊళ్లో సగం భూమి ఏదో ఒక పేరుతో మాన్యమే అయితే శిస్తు ఎవరు కట్టాలి? 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ మొదలైంది. ఊరూరా తిరిగి ప్రతి ఇనాం వివరమూ రాశారు. ఏ తరగతిది, ఎంత విస్తీర్ణం, ఎవరు ఎప్పుడు ఇచ్చారు, మొదట పుచ్చుకున్నవాడెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, పన్ను అసలే లేదా, కొంత జోడి (తగ్గించిన శిస్తు) ఉందా, దేనికోసం ఇచ్చారు. మనుషుల పేరు మీదున్నవాటిని చాలావరకు కొంత జోడి కట్టించుకుని సొంతం చేసేశారు. గుడికి, చెరువుకు ఇచ్చినవాటిని సేవ జరుగుతున్నంతకాలం అన్న షరతుమీద ఉంచారు. ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టరు నేటికీ దేవాలయ భూముల కేసుల్లో కోర్టు బల్లలమీద తెరుచుకుంటూనే ఉంది.

శిస్తు కట్టడం భారమే. కానీ ఎవరి పుస్తకంలో పేరుందన్నది అంతకంటే పెద్ద విషయమని ఈ మూడు ఊళ్ల చరిత్ర చెబుతుంది. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా 1800లో వచ్చిన థామస్ మన్రో రైతుతో నేరుగా ఖాతా పెట్టే పద్ధతికి పేరుపడ్డాడు. పుంగనూరు, కుప్పం దారి వేరు. పుంగనూరు ఒక జమీందారీ, కుప్పం కంగుంది జమీందారీలో ఊరు. రెండూ ఉత్తర ఆర్కాటులోవి. అక్కడ సర్కారుకు తెలిసిన పేరు జమీందారుది, ఆయన పేష్కషు (సర్కారుకు కట్టే కప్పం) కడితే చాలు. రైతు ఏం కట్టాడో ఆయన చిట్టాలో ఉంటుంది, ఆయన గుమాస్తాకు తెలుస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడి మూడింటినీ ఒకచోట చేర్చినా, జమీందారీలు పోవడానికి 1948 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. తన పేరుమీద తాను కట్టిన పన్నుకు రసీదు అందుకోవడం కొన్ని ఊళ్లకు ఆలస్యంగా వచ్చిన గౌరవం. యాభై రూపాయల చిన్న పన్నుకు అర్థం ఏమైనా ఉంటే ఇక్కడే వెతకాలి. సున్నా కట్టేవాడు దయకు పాత్రుడు. యాభై కట్టేవాడు వీధిలైటు వెలగలేదని కమిషనరును నిలదీయగలడు. ఈ వాదనలో కొంత ఆదర్శం ఉంది, కాదనలేం. సున్నా కట్టేవాడికి మాత్రం నిలదీసే హక్కు లేదా అని ఎదురు ప్రశ్న వేస్తే జవాబు అంత తేలిక కాదు. ఓటుకు పన్ను రసీదు అడగని దేశం ఇది.

మదనపల్లెలో ఒక పన్నుల ఉద్యోగి ఇల్లుంది. జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో చేరి తహసీల్దారు దాకా ఎదిగినవాడు, 1907లో రిటైరై సగం జీతం పింఛనుతో బయటపడ్డాడు. 1895 మేలో ఆయనకు ఎనిమిదో బిడ్డగా పుట్టినవాడే తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి. శిస్తు వసూలు చేసే ఇంట్లో పుట్టిన పిల్లవాడికి పెద్దయ్యాక ప్రపంచమంతా ఆస్తులు తెచ్చి ఇచ్చింది. జగద్గురువు వస్తాడని పెట్టి, ఆయన్ను అధిపతిని చేసిన తారాసంఘానికి హాలండులో ఒక జమీందారు తన ఎర్డె కోటను, దాని చుట్టూ భూములను ఇచ్చాడు. 1929 ఆగస్టు 3న ఓమెన్ సభలో కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దుచేసి, కోటనూ భూముల్లో చాలా భాగాన్నీ తిరిగి ఇచ్చేశాడు. సత్యాన్ని ఏ సంస్థా తన గోడల మధ్య పెట్టుకోలేదన్నది ఆయన వాదన. అయినా గోడలు లేకుండా బడి నడవదు. మదనపల్లెకు దగ్గర్లోని రిషివ్యాలీ స్కూలు ఆయన పేరుతోనే ప్రపంచానికి తెలుసు. ఆయన పుట్టిన ఇంటిని ఆయన పేరిట ఉన్న ఫౌండేషనే చూసుకుంటోంది. మతసంస్థను వద్దన్న మనిషి, విద్యాసంస్థను ఒప్పుకున్నాడు. మునిసిపల్ చట్టం జాబితాలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అదే ఊళ్లో 1915లో మొదలై, ఇప్పుడు అనీబిసెంటు పేరున ఉన్న థియోసాఫికల్ కాలేజీ ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. క్షయరోగులకోసం మిషన్లు కలిసి కట్టిన ఆరోగ్యవరం శానిటోరియం ఉంది. గుడి, బడి, ఆసుపత్రి మూడూ ఊరి ఆకలిలో ఏదో ఒకటి తీరుస్తాయి. అందుకే ఊరు వాటి వంతు తాను మోస్తుంది. మోస్తున్న సంగతి మాత్రం ఎవరికీ పెద్దగా తెలియదు.

ఈ ‘మోయడం’ మీదే ఒకాయన అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. న్యూయార్క్ నగరంలోని స్టేటెన్ ఐలండ్‌లో ఫ్రెడరిక్ వాల్జ్ అనే ఆయనకు చిన్న స్థలం ఉండేది. చర్చిలకు పన్ను మాఫీ చేస్తే ఆ భారం తనమీద పడుతుంది కాబట్టి, తనకిష్టంలేని మతాలకు తనచేత బలవంతంగా చందా ఇప్పిస్తున్నట్టేనని వాదించాడు. 1970లో కోర్టు ఆయన మాట ఒప్పుకోలేదు. ప్రభుత్వం చర్చికి డబ్బు ఇవ్వడం వేరు, అడగకుండా ఉండడం వేరు అంది. పైగా చర్చికి ధరకట్టి, జప్తుకు వెళ్లి, కోర్టుకీడిస్తే ప్రభుత్వం మతంతో ఇంకా ఎక్కువ చిక్కుకుంటుందంది. జస్టిస్ డగ్లస్ ఒక్కడే అడ్డం తిరిగి, మాఫీ కూడా సబ్సిడీయే అన్నాడు. మన రాజ్యాంగం 27వ అధికరణం ఏదో ఒక మతాన్ని పెంచడానికని ప్రత్యేకించిన పన్నును ఎవరిచేతా కట్టించకూడదంటుంది. 2011లో ప్రఫుల్ల గోరడియా కేసులో సుప్రీంకోర్టు, పన్ను డబ్బులో గణనీయమైన భాగం మతానికి పోతేనే ఆ నిషేధం తగులుతుందని చెప్పింది. కోర్టుల మాట అలా ఉంచితే, లెక్కల పుస్తకం దృష్టిలో డగ్లస్‌దే పైచేయి. కుప్పంలో వీధి ఊడ్చే ఖర్చు ఒకటే. అందులో ఒకరి వంతు తీసేస్తే మిగతావారి వంతు పెరగాలి, లేదా వీధి ఊడ్వకుండా ఉండాలి.

సిపాయి విషయంలో ఎవరూ కోర్టుకు వెళ్లరు. మాజీ సైనికుడు తాను ఉంటున్న ఒక్క ఇంటికి మినహాయింపు పొందడం పట్టణాల్లో ఎప్పటి నుంచో ఉంది. గ్రామపంచాయతీల్లో సర్వీసులో ఉన్నవారి ఇళ్లకూ 2025లో ప్రభుత్వం వర్తింపజేసింది. ఇది దశబంధం జాతికి చెందిన మినహాయింపు: పనికి బదులు. టెక్సస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇలాంటివి కొత్త కాదు. అక్కడ పూర్తి అంగవైకల్యం పొందిన మాజీ సైనికుడికి ఇంటిపన్నే లేదు. సొంతంగా కాపురముండే ఇంటి విలువలో స్కూలు పన్నునుంచి తీసేసే మొత్తాన్ని 2023లో 40 వేల నుంచి లక్ష డాలర్లకు, 2025లో లక్షా 40 వేలకు ఓటర్లే పెంచుకున్నారు. అద్దెకిచ్చిన రెండో ఇంటికి అది వర్తించదు. ఇంట్లో బతకడానికీ ఇంటితో సంపాదించడానికీ తేడా చూడాలన్న సూత్రం టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనూ ఒకటే, పుంగనూరులోనూ ఒకటే.

ఆ తేడా గీయడం నీరుగట్టువారిపల్లెలో అంత సులువు కాదు. మదనపల్లెలో ఈ పేట పట్టుచీరల మగ్గాలకు పేరు. చాలా ఇళ్లలో మగ్గం నడింట్లోనే ఉంటుంది. పగలు అది కార్ఖానా, రాత్రి దాని పక్కనే పడకలు పరుస్తారు. పోగు అతికేది ఇంటి ఇల్లాలు, కండెలు చుట్టేది ముసలమ్మ. ముందుగది దుకాణమైతే ఆ గదికి దుకాణపు రేటు, వెనకగదులకు నివాసపు రేటు అని చెప్పడం తేలిక. మగ్గం గుంటను ఏ ఖాతాలో రాయాలి? వాడకమే కొలబద్ద అన్న చట్టం తర్కం ఇక్కడ మెలిక పడుతుంది. గుడిలో పూజ తప్ప మరోటి జరగకూడదన్న నియమం గుడికి సరిపోతుంది కానీ, పేదవాడి ఇల్లు ఎప్పుడూ ఒక్క పనికే ఉండదు. ఈ సందేహంలో మేలు నేతగానికే పోవాలి. చీర నేసి బతికేవాడి నడిల్లు షాపింగ్ కాంప్లెక్సు కాదు.

పన్నుకు నైతికంగా చేతకాని పనులు కొన్ని ఉన్నాయి, జనం మాత్రం దానిచేత అవి చేయించాలని చూస్తారు. అనుమతి లేకుండా కట్టిన ఇంటికి మునిసిపాలిటీ పన్నుతో పాటు అంతే మొత్తం జరిమానా వేస్తుంది. ఏటేటా ఆ రెట్టింపు కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు. అలాగే ఇంటిపన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇల్లు మీదని రుజువు కాదు. కోర్టులు ఈ మాట చెప్పీ చెప్పీ అలసిపోయాయి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయినప్పుడు కాగితం విలువ ఈ ప్రాంతమంతటికీ మళ్లీ తెలిసొచ్చింది. ఇంట్లో దాచుకున్న పాత రసీదు హక్కు పత్రం కాకపోయినా, ఫలానా ఏట ఫలానా ఇంట్లో ఫలానావాళ్లు ఉన్నారని చెప్పే సాక్షి. దేవుడికీ ఇదే వర్తిస్తుంది. పన్ను లేనంత మాత్రాన రోడ్డుమధ్య లేచిన గుడి సక్రమం కాదు. వీధుల్లో, ఉమ్మడి స్థలాల్లో కొత్తగా అనధికార పూజామందిరాలు కట్టనివ్వకూడదని 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

దశబంధం కాలం నాటి ఊరికి తెలిసిన ఒక సంగతి ఇప్పటి ఊరికి తెలియడం లేదు. ఎవరికి ఎంత మాఫీ, ఎందుకు, బదులుగా ఏం జరుగుతోంది అన్నది అప్పుడు కట్టమీద నిలబడి చూస్తే కనబడేది, తర్వాత రిజిస్టరులోనూ రాసి ఉండేది. ఇప్పుడు పన్ను కట్టేవాడి బకాయి ఫోనులో నొక్కితే కనబడుతుంది. కట్టనక్కర్లేనివాడి సంగతి అంత సులువుగా కనబడదు. కుప్పం చుట్టుపక్కల పల్లెలను కలుపుకొని పంచాయతీ నుంచి మునిసిపాలిటీ అయింది, 2021 నవంబరులో మొదటిసారి కౌన్సిలును ఎన్నుకుంది. పంచాయతీ పన్నుకు అలవాటుపడ్డ ఇళ్లకు పట్టణం పన్ను ఎందుకో చెప్పాల్సిన బాధ్యత కొత్త మునిసిపాలిటీకి పాతవాటికంటే ఎక్కువ. ఏటా ఏప్రిల్‌లో డిమాండ్ నోటీసులతో పాటు మినహాయింపుల రిజిస్టరు కూడా ప్రతి వార్డు సచివాలయం గోడమీద అతికించవచ్చు. ఇనాం కమిషన్ గీసిన గడులే సరిపోతాయి: ఆస్తి ఏది, ఎవరిది, ఏ కారణం కింద వదిలారు, వదిలింది ఎన్ని రూపాయలు, ఆ గుడి తలుపు అందరికీ తెరిచి ఉందా, ఆ సత్రంలో అద్దె తీసుకుంటున్నారా, ఆ ఆసుపత్రిలో ధర్మవైద్యం జరుగుతోందా. చివరి గడిలో తనిఖీ చేసినవారి సంతకం, తేదీ. గంగమ్మ గుడి పేరు అందులో ఉంటే అమ్మవారికేం చిన్నతనం లేదు. షట్టర్ల అద్దె తింటూ గుడి పేరు చెప్పుకుంటున్నవాళ్లకు మాత్రం ఉంటుంది.